వాన నీటి పైపుల సైజు లెక్క: డాబా మీది తూము నుంచి బయటి కాలువ దాకా

భవనానికి వాన నీటి పైపు ఎంత సైజు వెయ్యాలి అని అడిగితే ఎక్కువగా వినిపించే జవాబు "నాలుగంగుళాలు వేసేయండి, సరిపోతుంది" అని. చాలా చోట్ల నిజంగానే సరిపోతుంది. సరిపోని చోట మాత్రం డాబా మీద నీళ్ళు నిలిచిపోయి, మెట్ల గది గడప దాటి లోపలికి వచ్చి, కింది అంతస్తు సీలింగ్ తడిసి పెచ్చులూడే దాకా వెళ్తుంది. అప్పుడు పైపు మార్చాలంటారు. తీరా చూస్తే గట్టి వానలో కూడా ఆ పైపులో సగం నీళ్ళు ఉండవు, ఎందుకంటే నీళ్ళు ఆగింది నిలువు పైపులో కాదు: పైపులోకి దిగే తూము దగ్గరో, నేలలో అడ్డంగా పోయే పైపులోనో.

అందుకే లెక్క పైపుతో మొదలుపెట్టకండి. వాన నీళ్ళు డాబా మీద పారి, తూములో దిగి, నిలువు పైపులో పడి, అడ్డ పైపులో నడిచి, బయటి కాలువలో కలుస్తాయి. ఈ దారిలో ఒక్కో చోట సెకనుకి ఎన్ని లీటర్లు పోగలవో విడివిడిగా తేల్చాలి. అన్నిటికన్నా తక్కువ పోయే చోటు ఎంత పంపగలదో మొత్తం ఏర్పాటు అంతే పంపుతుంది, మిగతావన్నీ ఎంత పెద్దవైనా లాభం లేదు. లెక్కలు ఫోన్‌లో ఉన్న క్యాలిక్యులేటర్‌తో అయిపోతాయి.

గైడ్ పొడుగునా ఒకే ఉదాహరణ వాడదాం. డాబా 30 మీటర్లు × 16 మీటర్లు, చుట్టూ పిట్టగోడ. ఒక పక్క లిఫ్ట్ గది, మెట్ల గది కలిపి 12 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల ఎత్తు గోడ ఉంది. కింద 200 చదరపు మీటర్ల కాంక్రీట్ ఆవరణ, 150 చదరపు మీటర్ల పచ్చిక.

మొదటి మెట్టు: ఎంత వేగంగా పడే వానకి?

ఇక్కడ తప్పితే తర్వాత లెక్కలన్నీ తప్పుతాయి, కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

ఏడాదికి ఎంత వాన పడుతుందన్నది పైపు సైజుకి అక్కర్లేదు, రోజుకి ఎంత పడిందన్నదీ అక్కర్లేదు. కావాల్సింది తీవ్రత, అంటే గంటకి ఎన్ని ఎంఎం చొప్పున వాన కొడుతోందన్నది. పది నిమిషాల పాటు గంటకి 120 ఎంఎం చొప్పున వాన కొట్టి ఆగిపోయిందనుకోండి, పడింది 20 ఎంఎం మాత్రమే. రోజువారీ రికార్డులో అది మామూలు వానలాగే కనిపిస్తుంది, కానీ ఆ పది నిమిషాల్లో మీ తూములు గంటకి 120 ఎంఎం వానని తట్టుకోవాలి. ఏడాది మొత్తం మీద వాన తక్కువ పడే ప్రాంతాల్లో కూడా ఇలాంటి కుంభవృష్టి వస్తుంది. తక్కువ వాన పడే చోటు కదా అని చిన్న పైపు వెయ్యడం అందుకే ప్రమాదం.

ఈ తీవ్రత ఎక్కడ దొరుకుతుంది? వాతావరణ శాఖలు, నీటి వనరుల శాఖలు తీవ్రత, వ్యవధి, పునరావృతి కలిపి పట్టికలు, గ్రాఫులు తయారు చేస్తాయి. ఇంజనీర్లు ఐడీఎఫ్ కర్వ్ అంటారు. అందులో రెండు విషయాలు మీరు ఎంచుకోవాలి.

ఒకటి వ్యవధి. వాన ఎంత తక్కువసేపు అయితే తీవ్రత అంత ఎక్కువగా ఉంటుంది. ఒకే ప్రాంతంలో గంటసేపు పడే భారీ వాన సగటు తీవ్రత కంటే, అందులోని అతి గట్టి 5 నిమిషాల తీవ్రత మూడు రెట్ల దాకా ఉండొచ్చు. డాబా చివర పడ్డ చుక్క తూము చేరడానికి పట్టేది కొద్ది నిమిషాలే కాబట్టి, సూత్రప్రకారం చూస్తే పైకప్పుకి 5 నిమిషాల తీవ్రతే న్యాయం. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల ఉమ్మడి ప్రమాణం 3500.3 అదే తీసుకుంటుంది. అమెరికాలో వాడే ఐపీసీ ప్లంబింగ్ కోడ్ మాత్రం వందేళ్ళకోసారి వచ్చే గంట వాన తీసుకుంటుంది, దాని పట్టికలు దానికి తగ్గట్టు ఉంటాయి. ఒక కోడ్ నుంచి తీవ్రత తీసుకుని ఇంకో కోడ్ పట్టికలో పెట్టకండి.

రెండోది, ఎన్నేళ్ళకోసారి వచ్చే వాన. "వందేళ్ళ వాన" అంటే వందేళ్ళకి ఒక్కసారే వస్తుందని కాదు, ఏ సంవత్సరమైనా రావడానికి 1 శాతం అవకాశం ఉందని. 30 ఏళ్ళలో ఒక్కసారైనా వచ్చే అవకాశం దాదాపు 26 శాతం. పదేళ్ళ వానకైతే పదేళ్ళలోనే ఆ అవకాశం 65 శాతం. పొంగితే ఏమవుతుంది అన్నదాన్ని బట్టి దీన్ని ఎంచుకోవాలి. చూరు బయట వేలాడే గట్టర్ పొంగితే నీళ్ళు నేల మీద పడతాయి, అంతే. రెండు కప్పుల మధ్య లోపలి గట్టర్ పొంగితే నీళ్ళు గదిలోకి వస్తాయి. ఇందాక చెప్పిన 3500.3 ఆస్ట్రేలియాలో మొదటిదానికి 20 ఏళ్ళ వాన, రెండోదానికి 100 ఏళ్ళ వాన అడగడం అందుకే. పిట్టగోడ ఉన్న డాబాని నేనైతే రెండో రకం కిందే లెక్కేస్తాను.

మన ఉదాహరణకి గంటకి 150 ఎంఎం అనుకుందాం. మీ చోట ఇంతకన్నా తక్కువో ఎక్కువో ఉంటుంది, ఆ అంకె మార్చి లెక్కంతా మళ్ళీ చేసుకోండి.

రెండో మెట్టు: ఎంత విస్తీర్ణం మీద?

చదును డాబాకి పొడవు × వెడల్పు. 30 × 16 = 480 చదరపు మీటర్లు.

వాలు కప్పుకి వాలు వెంబడి కొలవకూడదు, పైనుంచి చూస్తే కనిపించే విస్తీర్ణమే తీసుకోవాలి. గాలివాన ఏటవాలుగా కొడుతుంది కాబట్టి యూరప్ పద్ధతిలో వెడల్పుకి కప్పు ఎత్తులో సగం కలుపుతారు. అది మంచి అలవాటు.

ఇక గోడలు. డాబా మీద లేచిన గోడకి కొట్టిన వాన జారి డాబా మీదికే వస్తుంది. ఆ గోడ విస్తీర్ణంలో సగం కలపాలి. మన గోడ 12 × 4 = 48, అందులో సగం 24. మెట్ల గదికి నాలుగు గోడలున్నా నాలుగూ కలపనక్కర్లేదు, గాలి ఒకేసారి అన్ని వైపుల నుంచీ కొట్టదు కాబట్టి ఎక్కువ విస్తీర్ణం వచ్చే వైపు తీసుకుంటే చాలు. పక్కనే ఆనుకుని ఎత్తైన భవనం ఉంటే దాని గోడ కూడా లెక్కలోకి వస్తుంది, ఇది చాలామంది వదిలేస్తారు. అలాగే పై కప్పు నీళ్ళు పైపు ద్వారా కింది డాబా మీదికి వదిలితే ఆ కప్పు మొత్తం కింది డాబా లెక్కలో చేరాలి.

480 + 24 = 504 చదరపు మీటర్లు.

కప్పు మీద పడ్డ నీళ్ళన్నీ పారతాయనే అనుకోండి. ఎండిన కాంక్రీట్ కొంచెం పీల్చుకుంటుంది నిజమే, కానీ గట్టి వాన వచ్చేసరికి అది అప్పటికే తడిసి ఉంటుంది. డాబా మీద మొక్కలు, మట్టి ఉన్నా అంతే, నానిన మట్టి మీద పడ్డ నీళ్ళు దాదాపు మొత్తం పారతాయి.

మూడో మెట్టు: సెకనుకి ఎన్ని లీటర్లు?

ఒక చదరపు మీటరు మీద 1 ఎంఎం వాన పడితే అది సరిగ్గా 1 లీటరు. కాబట్టి విస్తీర్ణాన్ని తీవ్రతతో గుణిస్తే గంటకి లీటర్లు వస్తాయి, 3600తో భాగిస్తే సెకనుకి లీటర్లు.

504 × 150 ÷ 3600 = సెకనుకి 21 లీటర్లు.

వెయ్యి లీటర్ల ట్యాంకు 48 సెకన్లలో నిండిపోయేంత నీళ్ళు ఇవి. చదరపు అడుగుల్లో లెక్క ఉంటే ముందు 10.76తో భాగించి చదరపు మీటర్లలోకి తెచ్చుకోండి. మధ్యలో యూనిట్లు కలిసిపోతే ఎక్కడ తప్పిందో పట్టుకోవడం చాలా కష్టం.

నాలుగో మెట్టు: తూము ఎంత మింగగలదు?

అసలు కథ ఇక్కడుంది.

డాబా మీద నీళ్ళు పల్చని పొరగా ఉంటాయి. తూము అంచు దాటి ఆ పొర లోపలికి పొర్లుతుంది. ఎంత పొర్లుతుందన్నది కింద ఎంత పెద్ద పైపు ఉందన్నదాన్ని బట్టి ఉండదు. తూము నోటి వ్యాసం, అంచు మీద నిలిచిన నీటి లోతు, ఈ రెండే దాన్ని నిర్ణయిస్తాయి. యూరప్ ప్రమాణం ఈఎన్ 12056-3లో దీనికి తేలికైన సూత్రం ఉంది. నీటి లోతు, వ్యాసంలో సగానికి మించకపోతే:

సెకనుకి లీటర్లు = నోటి వ్యాసం × లోతు × √లోతు ÷ 7500 (కొలతలు ఎంఎంలో)

లోతు సగం దాటితే సూత్రం మారుతుంది: వ్యాసం × వ్యాసం × √లోతు ÷ 15000. జాలీ బిగిస్తే రెండు సందర్భాల్లోనూ వచ్చినదాంట్లో సగమే తీసుకోవాలి. జాలీ లేకుండా వదిలెయ్యలేం కాబట్టి ఈ సగం తప్పనిసరి అనుకోండి.

100 ఎంఎం తూము, దాని మీద 30 ఎంఎం నీళ్ళు, జాలీ ఉంది. లెక్క చేస్తే సెకనుకి 1.1 లీటర్లు వస్తుంది. అదే 100 ఎంఎం పైపు నిలువుగా ఎంత మోయగలదో తెలుసా? సెకనుకి 10 లీటర్ల పైన. దాదాపు పది రెట్ల తేడా! కింద ఖాళీ పైపు, పైన చెరువు అన్న పరిస్థితి ఎలా వస్తుందో ఈ ఒక్క అంకె చెబుతుంది.

వేర్వేరు కోడ్ పుస్తకాలు చూసి అయోమయపడేవాళ్ళకి కూడా ఇది ఉపయోగం. గంటకి 100 ఎంఎం వానలో 100 ఎంఎం పైపుకి భారత జాతీయ భవన కోడ్ పట్టిక 42.7 చదరపు మీటర్ల కప్పు ఇస్తుంది. దాదాపు అంతే వానకి, గంటకి 4 అంగుళాలకి, అమెరికా ప్లంబింగ్ పట్టికల్లో చాలాకాలం ఉన్న అంకె 4 అంగుళాల నిలువు పైపుకి 4,600 చదరపు అడుగులు, అంటే సుమారు 427 చదరపు మీటర్లు. మొదటి అంకెని లీటర్లలోకి మారిస్తే సెకనుకి 1.2 వస్తుంది, జాలీ ఉన్న తూము సామర్థ్యానికి దగ్గర. రెండోది 12 దాకా వస్తుంది, నిలువు పైపు సామర్థ్యానికి దగ్గర. రెండో పట్టిక చూసి ఒక్క పైపుకి 400 చదరపు మీటర్లు అప్పగించి, పైన మాత్రం మామూలు జాలీ తూము పెడితే మునిగిపోవడం ఖాయం. మీ చోట అమల్లో ఉన్న కోడ్ కనీసం ఎంత అడుగుతుందో అది ఎలాగూ పాటించాలి, దాని మీద ఈ తూము లెక్క కూడా చేసుకోండి.

ఇప్పుడు మన డాబా. ఒక్కో పొడవు వైపు మూడేసి చొప్పున ఆరు తూములు పెడదాం. 21 ÷ 6 = ఒక్కో తూముకి సెకనుకి 3.5 లీటర్లు.

100 ఎంఎం తూము మీద 50 ఎంఎం నీళ్ళు నిలవనిస్తే జాలీతో 2.36 లీటర్లు. చాలదు. 100 ఎంఎం లోతు నీళ్ళు నిలిచినా రెండో సూత్రం ప్రకారం 3.33 మాత్రమే, అప్పటికీ చాలదు, పైగా అంత నీళ్ళు స్లాబ్ మీద నిలవనివ్వం. 150 ఎంఎం నోరు ఉండి గరాటులా కిందికి సన్నబడే తూము తీసుకుంటే 50 ఎంఎం లోతులో 3.54 లీటర్లు. అంటే సరిపోయింది. కింద పైపు 100 ఎంఎం ఉన్నా పరవాలేదు, నోరు మాత్రం 150 ఉండాలి.

50 ఎంఎం నీళ్ళు డాబా అంతటా నిలవాలా అని టెన్షన్ పడక్కర్లేదు. తూము చుట్టూ స్లాబ్‌లో 450 × 450 ఎంఎం గుంట 30 ఎంఎం లోతున తీయించండి. అప్పుడు గుంట అంచు దగ్గర డాబా మీద 20 ఎంఎం నీళ్ళుంటే తూము మీద 50 ఎంఎం లోతు వస్తుంది. గుంట మరీ చిన్నదైతే దాని అంచే అడ్డమవుతుంది కాబట్టి ఇంతకన్నా తగ్గించకండి. ఈ గుంటని కాంక్రీట్ పోసేటప్పుడే అచ్చు పెట్టి ఉంచాలి, తర్వాత ఉలితో కొట్టి తీస్తే వాటర్‌ప్రూఫింగ్ పాడవుతుంది.

తూము గోడకి ఆనుకుని ఉంటే నీళ్ళు అన్ని వైపుల నుంచీ రాలేవు, సామర్థ్యం ఇంకా తగ్గుతుంది. కనీసం నోటి వ్యాసమంత దూరం జరపండి. జాలీ చదునుగా ఉంటే ఒక్క పెద్ద ఆకు చాలు మూసెయ్యడానికి, అందుకే బుట్టలా పైకి లేచిన జాలీ పెట్టండి. దాని రంధ్రాల మొత్తం విస్తీర్ణం పైపు అడ్డకోత విస్తీర్ణానికి కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. డాబాకి వాటం 80 మీటర్లకి 1 మీటరు కన్నా తగ్గకూడదు. పని అయ్యాక ఆ మాత్రం మిగలాలంటే డ్రాయింగ్‌లో ఇంకా ఎక్కువ చూపించాలి, ఎందుకంటే స్లాబ్ కాస్త వంగుతుంది, చేతిపని కాస్త అటూ ఇటూ అవుతుంది.

డాబా ఎంత చిన్నదైనా ఒక్క తూముతో వదలకండి. రెండు ఉంటే ఒకటి మూసుకుపోయినా రెండోది కొంతైనా ఆదుకుంటుంది.

ఐదో మెట్టు: నిలువు పైపు

ఇది తేలికైన మెట్టు. నిలువు పైపులో నీళ్ళు నిండుగా పడవు, గోడకి అంటుకుని వలయంలా జారుతూ మధ్యలో గాలికి దారి వదులుతాయి. అందుకే పైపు అడ్డకోతలో మూడో వంతు నీళ్ళు అనే లెక్కతో సామర్థ్యం కడతారు. లోపలి వ్యాసం 75 ఎంఎం ఉంటే సెకనుకి 5 లీటర్లు, 100 ఉంటే 10.7, 150 ఉంటే 31.6. కొద్ది మీటర్లు జారేసరికి నీళ్ళ వేగం స్థిరపడుతుంది కాబట్టి మూడంతస్తులకైనా ఇరవై అంతస్తులకైనా ఇవే అంకెలు.

మనకి 3.5 కావాలి, 75 ఎంఎం సరిపోతుంది లెక్క ప్రకారం. నేను మాత్రం 100 వేస్తాను. జాలీ దాటి వచ్చిన ఆకులు, సిమెంటు పెళ్ళలు వంపుల్లో చిక్కుకుంటాయి, 75లో అవి తీయడం కష్టం.

లోపలి వ్యాసం అని మళ్ళీ మళ్ళీ అంటున్నది ఊరికే కాదు. చాలా ప్లాస్టిక్ పైపుల మీద రాసి ఉండేది బయటి కొలత. 110 ఎంఎం పైపు గోడ మందం 3 ఎంఎం అయితే లోపల 104. వ్యాసం 5 శాతం తగ్గితే సామర్థ్యం 13 శాతం దాకా పడిపోతుంది.

ఇంకో మూడు విషయాలు. పైపు కిందికి వెళ్ళే కొద్దీ ఎక్కడా సన్నబడకూడదు. దూలం అడ్డొచ్చి పైపుని సీలింగ్ కింద పక్కకి తిప్పి మళ్ళీ దింపాల్సి వస్తే, ఆ అడ్డ భాగం వాలు 10 డిగ్రీల కన్నా తక్కువైతే అది నిలువు పైపు లెక్కలోకి రాదు, తర్వాతి మెట్టులోని అడ్డ పైపు లెక్కలోకి వస్తుంది, సైజు పెంచాల్సి రావచ్చు. ఇక ఎత్తైన భవనాల్లో పైపు అడుగున మూసుకుపోతే నీళ్ళు పైపు నిండా నిలుస్తాయి. ప్రతి 10 మీటర్ల ఎత్తుకి సుమారు 1 బార్ ఒత్తిడి. 30 మీటర్ల స్తంభం అంటే 3 బార్, ఊరికే రబ్బరు రింగుతో తోసి పెట్టిన పల్చని పైపు జాయింట్ ఊడిపోతుంది. గోడల లోపలి నుంచి, షాఫ్ట్‌ల నుంచి వెళ్ళే పైపులకి ఆ ఒత్తిడి తట్టుకునే తరగతి పైపు, జాయింట్లు తీసుకోండి.

బాల్కనీ నీళ్ళని డాబా పైపులోనే కలపడం చాలా చోట్ల చేస్తారు. కింద అడ్డ పైపు నిండిపోతే డాబా నీళ్ళు మొదటి అంతస్తు బాల్కనీలోంచి ఎగదన్నుతాయి. వాటికి వేరే పైపు వెయ్యండి.

ఆరో మెట్టు: నేలలో అడ్డ పైపు

నిలువు పైపులో పది లీటర్లు మోసిన 100 ఎంఎం పైపే అడ్డంగా పడుకుంటే సగానికి పడిపోతుంది, ఎందుకంటే ఇక్కడ నీళ్ళని లాగేది వాటం ఒక్కటే. లెక్కకి మ్యానింగ్ సూత్రం వాడతారు, అది పైపు వ్యాసం, వాటం, లోపలి గరుకుదనం బట్టి ఎన్ని నీళ్ళు పారతాయో చెబుతుంది. కొత్త ప్లాస్టిక్ పైపుకి గరుకుదనం అంకె 0.011 వాడొచ్చు గానీ, కొన్నేళ్ళకి ఇసుక, పాచి చేరతాయి కాబట్టి 0.013 తీసుకుంటాను. ఆ లెక్కన, 100 మీటర్లకి 1 మీటరు వాటంలో, నిండుగా పారితే, లోపలి వ్యాసాన్ని బట్టి సెకనుకి పోయే లీటర్లు ఇవి:

- 100 ఎంఎం: 5.2
- 125 ఎంఎం: 9.4
- 150 ఎంఎం: 15.2
- 200 ఎంఎం: 32.8
- 225 ఎంఎం: 44.9
- 250 ఎంఎం: 59.5

వాటం 200కి 1 అయితే వీటిని 0.71తో గుణించండి. 50కి 1 అయితే 1.41తో గుణించండి.

గమనించారా, వాటం రెట్టింపు చేస్తే సామర్థ్యం 1.41 రెట్లే పెరుగుతుంది, అదే వ్యాసం రెట్టింపు చేస్తే 6.3 రెట్లు పెరుగుతుంది. స్థలం లేక వాటం దొరకని చోట ఒక సైజు పెంచడమే దారి. కానీ అలాగని వాటం వదిలేస్తే నీళ్ళ వేగం పడిపోయి ఇసుక అడుగున పేరుకుంటుంది. నిండుగా పారేటప్పుడు వేగం సెకనుకి కనీసం 0.6 నుంచి 0.75 మీటర్లు ఉండాలి. 100 ఎంఎం పైపు 200కి 1 వాటంలో వేస్తే 0.47 దగ్గరే ఆగిపోతుంది, అందుకే చిన్న పైపుకి వాటం ఎక్కువ కావాలి.

ఇంకో జాగ్రత్త. నిండు సామర్థ్యానికి అతుక్కుని సైజు తీసుకోకండి. 70 శాతం లోతు వరకే నీళ్ళు ఉండేలా చూడండి, ఆ లోతులో పైపు తన నిండు సామర్థ్యంలో దాదాపు 84 శాతం పంపుతుంది. అంటే పై అంకెల్ని 0.84తో గుణించి, దానికి లోపల ఉండాలి.

మన భవనానికి ఒక పక్క చూద్దాం, వాటం 100కి 1. మొదటి నిలువు పైపు నుంచి రెండోదాని దాకా 3.5 లీటర్లు: 100 ఎంఎం (5.2 × 0.84 = 4.4) సరిపోయింది. రెండోది కలిశాక 7 లీటర్లు: 125 ఎంఎంకి 7.9, సరిపోయింది. మూడోది కలిశాక 10.5: 150 ఎంఎంకి 12.8, సరిపోయింది. సైట్‌లో మూడు సైజులు తెప్పించి అతికించే బదులు మొదటి నుంచీ 150 వేసేస్తే తప్పులు తగ్గుతాయి, దూరం తక్కువైతే నేను అలాగే చెబుతాను. రెండో పక్క కూడా ఇదే.

రెండు పక్కలూ కలిసి ఆవరణ నీళ్ళతో బయటికి పోయే చివరి పైపు అసలైన పరీక్ష. ఆవరణలో పడ్డ నీళ్ళన్నీ పారవు కాబట్టి గుణకం వాడాలి. కాంక్రీట్‌కి 0.9, పచ్చికకి నేలని బట్టి 0.1 నుంచి 0.35 దాకా ఉంటుంది, మనం 0.25 వేద్దాం.

200 × 0.9 = 180
150 × 0.25 = 37.5
మొత్తం 217.5 × 150 ÷ 3600 = సెకనుకి 9.1 లీటర్లు.

డాబా 21 + ఆవరణ 9.1 = 30.1 లీటర్లు. 200 ఎంఎం పైపు నిండు సామర్థ్యం 32.8, చూడ్డానికి సరిపోయినట్టే ఉంది. 0.84తో గుణిస్తే 27.6, చాలదు. 225 అయితే 37.7, సరిపోతుంది. 225 దొరక్కపోతే 250 వెయ్యండి, వాటం 200కి 1 మాత్రమే దొరికినా 250 పైపు 35 దాకా పంపుతుంది.

నిలువు పైపు అడ్డంగా తిరిగే చోట 90 డిగ్రీల ఎల్బో ఒక్కటి పెట్టకండి. రెండు 45 డిగ్రీల బెండ్‌లు మధ్యలో చిన్న ముక్కతో కలపండి, కింద కాంక్రీట్ దిమ్మ మీద ఆనించండి. వేగంగా దిగిన నీళ్ళు అక్కడ ఒక్కసారిగా నెమ్మదించి ఎగసిపడతాయి, కాబట్టి ఆ బెండు దగ్గర్లో ఇంకే పైపూ కలపకూడదు. పైపు మలుపు తిరిగే ప్రతి చోటా, సైజు మారే చోటా ఛాంబర్ (మూత తీసి లోపల చూడగలిగే తొట్టి) కట్టండి, లోపల అడుగున ఇసుక నిలిచే కాస్త గుంట ఉంచితే శుభ్రం చేయడం తేలిక.

ఏడో మెట్టు: అన్నీ మూసుకుపోతే?

పిట్టగోడ ఉన్న డాబా అంటే తొట్టి. తూములన్నీ ఆకులతో మూసుకుపోయాయనుకోండి, గంటకి 150 ఎంఎం వాన అరగంట పడితే 75 ఎంఎం నీళ్ళు నిలుస్తాయి. ప్రతి ఎంఎం నీళ్ళూ చదరపు మీటరుకి ఒక కిలో. అంటే చదరపు మీటరుకి 75 కిలోలు, 480 చదరపు మీటర్ల డాబా మీద 36 టన్నులు. తేలికపాటి రేకుల కప్పు అయితే ఇది కూలిపోయే విషయం: నీటి బరువుకి కప్పు వంగుతుంది, వంగిన చోట ఇంకా నీళ్ళు చేరతాయి, ఇంకా వంగుతుంది.

అందుకని పిట్టగోడలో ఓవర్‌ఫ్లో తూములు ఉండాలి. డాబాలో అన్నిటికన్నా పల్లమైన చోటుకి సుమారు 50 ఎంఎం పైన వాటి అడుగు అంచు పెట్టండి. గోడలో దీర్ఘచతురస్రం రంధ్రానికి లెక్క:

సెకనుకి లీటర్లు = రంధ్రం వెడల్పు × లోతు × √లోతు ÷ 24000 (ఎంఎంలో)

500 ఎంఎం వెడల్పు రంధ్రాలు మూడు పెట్టి, అంచు మీద 50 ఎంఎం నీళ్ళు పారితే 1500 × 353.6 ÷ 24000 = 22.1 లీటర్లు. మన 21 లీటర్లూ పోతాయి. అప్పుడు డాబా మీద గరిష్ఠంగా నిలిచే నీళ్ళు 50 + 50 = 100 ఎంఎం, చదరపు మీటరుకి 100 కిలోలు. ఈ అంకెని స్ట్రక్చరల్ ఇంజనీర్‌కి చెప్పండి, స్లాబ్ దాన్ని మొయ్యాలి. మెట్ల గది, లిఫ్ట్ గది గడపలు ఆ 100 ఎంఎం కన్నా పైన, ఇంకా కొంత మార్జిన్‌తో ఉండాలి.

ఓవర్‌ఫ్లో నీళ్ళు నలుగురికీ కనిపించే చోట పడనివ్వండి, మామూలు పైపుల్లో కలపొద్దు. అక్కడ నీళ్ళు పడుతున్నాయంటే పైన ఏదో మూసుకుపోయిందని వెంటనే తెలుస్తుంది.

ఎనిమిదో మెట్టు: బయటి కాలువ

భవనం లోపల లెక్కంతా సరిగ్గా ఉన్నా, బయటి కాలువలో నీటి మట్టం మీ పైపు కంటే ఎత్తులో ఉంటే నీళ్ళు బయటికి పోవు. గట్టి వానలో కాలువ ఎంతవరకూ నిండుతుందో ముందే కనుక్కోండి, మీ చివరి పైపు దానికన్నా పైన కలిసేలా మట్టాలు పెట్టుకోండి. వీలుకాకపోతే వెనక్కి రాకుండా ఆపే వాల్వ్ పెట్టాలి. వాల్వ్ మూసుకున్నంతసేపూ మీ నీళ్ళు కూడా బయటికి పోవు కాబట్టి, ఆ సమయానికి సరిపడా నిల్వ తొట్టో, పంపో ఉండాలి.

వాన నీళ్ళని మురుగు పైపులో కలపకండి. మన ఉదాహరణలో వాన నీళ్ళు సెకనుకి 30 లీటర్లు, ఒక భవనం మురుగు దాని ముందు చాలా చిన్నది. మురుగు పైపు నిండిపోతే అది ఎగదన్నేది కింది అంతస్తు బాత్‌రూమ్‌లోంచే.

పూడ్చే ముందు, వాడుకలోకి వచ్చాక

పైపు పూడ్చే ముందు లెవెల్ పెట్టి వాటం చూడండి. 100కి 1 అంటే 6 మీటర్ల పైపుకి 60 ఎంఎం దిగాలి, మధ్యలో పొట్ట పడకూడదు. తూములన్నీ బెలూన్ ప్లగ్‌తో (గాలి నింపితే ఉబ్బి నోరు మూసే రబ్బరు బిరడా) మూసి డాబా మీద నీళ్ళు పెట్టి, ఓవర్‌ఫ్లో తూములు నిజంగా పారుతున్నాయో లేదో, గడపలు మునుగుతున్నాయేమో చూడండి. ఈ పని టైల్స్ వేశాక కాదు, వాటర్‌ప్రూఫింగ్ అయిన వెంటనే చెయ్యాలి. స్లాబ్ ఎంత బరువు మొయ్యగలదో తెలుసుకున్నాకే నీళ్ళు పెట్టాలన్నది మర్చిపోకండి.

తర్వాత మొదటి గట్టి వానలో, పిడుగులు పడనప్పుడు, ఒక స్కేలు తీసుకుని తూము గుంటలో నీటి లోతు కొలవండి. 50 ఎంఎం దాటుతుంటే ముందు జాలీ శుభ్రం చేసి మళ్ళీ చూడండి. అయినా తగ్గకపోతే కింద ఛాంబర్ మూత తీయండి. ఛాంబర్ నిండి ఉంటే ఇబ్బంది అడ్డ పైపులోనో బయటి కాలువలోనో ఉంది. ఛాంబర్‌లో నీళ్ళు పల్చగా పారుతుంటే తూము చిన్నదైనా అయ్యుండాలి, నిలువు పైపు వంపులో ఏదైనా ఇరుక్కునైనా ఉండాలి.